మోటారు వేసిన కోతి

ఇంతవరకు నేనెవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. మంథని దగ్గర మా ఊళ్లో, మా బాపు పొలం పక్కన చింతచెట్ల మీద కోతుల గుంపు ఒకటి ఉంటుంది. నాలుగేళ్లుగా వాటి మీద ఒక నింద ఉంది, మా నారుమడిని ముంచింది అవేనని. కనబడితే చాలు బాపు కర్ర ఎత్తుతాడు, అవ్వ, అంటే మా అమ్మ, వాటి ఏడు తరాలనూ వరుసగా తిడుతుంది. నిజానికి ఆ కోతులు ఏ పాపమూ ఎరగవు. ఆ మడిని ముంచింది నేను. అదీ పొలంలో అడుగు పెట్టకుండా, కరీంనగర్‌లో కుర్చీలో కూర్చుని, ఒకే ఒక్క వాక్యం చెరిపేసి.

ఆ రోజుల్లో నాకు నోరు లేకపోలేదు గానీ, దాన్ని అన్నం తినడానికి మాత్రమే వాడేదాన్ని. ఇంజనీరింగు నాలుగేళ్లలో క్లాసులో ఒక్క సందేహమూ అడగలేదు. సందేహాలు లేక కాదు. డైరీ వెనక పేజీల్లో 'అడగాల్సినవి' అని శీర్షిక పెట్టి, వరుస నంబర్లు వేసి రాసుకునేదాన్ని. (ఆ డైరీ ఇప్పుడు తీసి చూస్తే మొదటి ప్రశ్న 'ఆడపిల్లల బాత్రూము ఎటువైపు?' అని ఉంది. అదీ అడగలేదు, రెండు రోజులు వెతికి కనుక్కున్నాను.) డైరీ కాక ఇంకో రహస్యం కూడా ఉండేది. జిల్లా గ్రంథాలయం నుంచి నవలలు తెచ్చి, పాఠ్యపుస్తకం అట్ట తొడిగి చదివేదాన్ని. అలా చదివీ చదివీ నాకొక జబ్బు పట్టుకుంది. ఎక్కడ ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు కనబడినా చెయ్యి దురద పెట్టేది. పెళ్లి పత్రికల్లో, కరపత్రాల్లో, హాస్టల్ నోటీసుల్లో అక్కరలేని మాటలను పెన్సిలుతో కొట్టేసేదాన్ని. ఈ జబ్బు సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి. మడి మునిగింది దీనివల్లే.

చదువు అయిపోయాక కరీంనగర్‌లో పదకొండు మంది ఉన్న ఒక చిన్న కంపెనీలో ట్రెయినీగా చేరాను. పొలం మోటార్లకు బిగించే డబ్బాలు తయారుచేసేవాళ్లం. డబ్బాలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్‌తో మోటారు వెయ్యొచ్చు, ఆపొచ్చు. టైము పెడితే అదే వేసి, అదే ఆపి, ఆపినట్టు మెసేజ్ కూడా పంపుతుంది. ఏ వేళకు ఏం చెయ్యాలో డబ్బాకు చెప్పడానికి మావాళ్లు ఒక బుల్లి భాష తయారుచేసుకున్నారు. ఆ భాషలో రాసినదాన్ని డబ్బాలోని చిప్పుకు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామే కంపైలర్. నన్ను దాని మీద వేశారు. కంపైలర్ ఎవరితోనూ మాట్లాడదు, నేనూ మాట్లాడను, ఇద్దరికీ సరిపోతుందని అనుకున్నారో ఏమో.

ఆ కంపైలర్‌ను రాసినాయన మా సీనియర్. పేరేదో ఉండేది గానీ ఆఫీసంతా ఆయన్ని లేబుల్ భాయ్ అనేవాళ్లం. కనబడ్డ ప్రతి వస్తువుకూ తెల్లకాగితం మీద పేరు రాసి అంటించే అలవాటు ఆయనది. టీ కప్పుకు, కుర్చీకి, స్టెప్లర్‌కు, ఆఖరికి టిఫిన్ డబ్బాలోని చెంచాకు కూడా. (చెంచా మీద 'చెంచా' అని లేదు. 'భాయ్‌ది, నక్కో', అంటే ముట్టుకోవద్దని, ఉంది.) మొదటి రోజే నా బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకుని వచ్చాడు.

"చూడు బహెన్, మనం రాసిందాన్ని సీదా చిప్పుకు ఇయ్యం. నడుమ ఇంకో భాషలకు మారుస్తం. గా నడిమి భాషల అంతా ముక్కలు ముక్కలు ఉంటది. ఒక్కో ముక్కను బేసిక్ బ్లాక్ అంటరు. దాంట్లకు పై నుంచే పోవాలె, కింది నుంచే బయటికి రావాలె. నడుమల దూరుడు లేదు, నడుమల దుంకుడు లేదు. నెత్తి మీద పేరు ఉంటది, గదే లేబుల్. ఆఖరి లైన్ల ఏ పేరున్న ముక్కకు పోవాల్నో రాసి ఉంటది. సమజైందా?"

అయిందని తల ఊపాను. నా తల ఊపడానికి అప్పట్లో మంచి పేరుండేది. ఎంత తక్కువ అర్థమైతే అంత బాగా ఊపేదాన్ని. బేసిక్ బ్లాక్ నిర్వచనం నాకు కంఠతా వచ్చు. పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను, డైరీలో ఆకుపచ్చ సిరాతో ఎక్కించుకున్నాను కూడా. అయితే నేను మంథని బస్సుల్లో పెరిగిన మనిషిని. మా దారిలో ఎవరు చెయ్యెత్తితే అక్కడ బస్సు ఆగుతుంది, ఎవరు అరిస్తే వాళ్లు అక్కడ దిగుతారు. మధ్యలో ఎక్కకూడని, మధ్యలో దిగకూడని ప్రయాణం ఒకటి ఉంటుందంటే నా బుర్ర మాటవరసకే ఒప్పుకుంది. ఇక ఆ ఆఖరి వాక్యం సంగతి మరీ వింతగా తోచింది. ఒక ముక్క చివర 'ఎదురుచూడు అనే ముక్కకు పో' అని ఉంటుంది. సరిగ్గా దాని కిందే 'ఎదురుచూడు' అని పేరు పెట్టుకుని ఆ ముక్క కూర్చుని ఉంటుంది. కంటి ముందున్న ఇంటికి దారి చెప్పడమెందుకు? ఈ ప్రశ్నను డైరీలో 'అడగాల్సినవి' కింద రాసుకున్నాను. యథాప్రకారం అడగలేదు.

కొత్త మార్పులను పరీక్షించడానికి ఒక నిజమైన పొలం కావాలని భాయ్ ఒకరోజు అందరినీ అడిగాడు. "మా బాపుది ఉంది," అన్నాను. ఆఫీసులో ఎవరూ పిలవకుండా నేను పలికిన మొదటి మాట అది. అందరూ తలలు తిప్పి, ఎవరన్నారా అని చూశారు. అలా మా బాపు మోటారుకు మా డబ్బా వచ్చింది. బాపు దాన్ని కంపెనీ డబ్బా అని ఒక్కనాడూ అనలేదు. 'మా బిడ్డ డబ్బ' అని ఊరంతా చెప్పుకున్నాడు.

బాపు డబ్బాలోని పనిని మధ్య భాషలో చూస్తే నాలుగు ముక్కలు. (వాటి అసలు పేర్లు ఇంగ్లీషులో ఉండేవి, మన సౌకర్యం కోసం తెలుగులో చెబుతున్నాను.) 'చూడు' అనేది టైము అయిందా, కరెంటు ఉందా అని చూస్తుంది, అయితే 'నడుపు'కు పొమ్మంటుంది, కాకపోతే 'ఎదురుచూడు'కు పొమ్మంటుంది. 'నడుపు' మోటారు వేసి, ఇరవై నిమిషాలు ఉంచి, 'ఆపు'కు పంపుతుంది. 'ఆపు' మోటారు ఆపి, మెసేజ్ కొట్టి, 'ఎదురుచూడు'కు పంపుతుంది. 'ఎదురుచూడు' కాసేపు ఊరికే ఉండి మళ్లీ 'చూడు'కు పంపుతుంది. కాగితం మీద కూడా ఈ చివరి రెండూ పైనా కిందా ఆనుకుని ఉన్నాయి. 'ఎదురుచూడుకు పో' అనే వాక్యం, దాని కిందే 'ఎదురుచూడు' అనే పేరు. నా చెయ్యి దురద పెట్టింది. కంపైలర్‌లో 'ఆపు' ముక్కను తయారుచేసే చోటికి వెళ్లి, ఆ ఆఖరి వాక్యాన్ని రాయించే లైను తీసేశాను. నా బల్ల మీద పరీక్షిస్తే అంతా బ్రహ్మాండంగా నడిచింది. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: 'ఈరోజు ఒక అనవసరపు వాక్యం తీసేశాను. ఇప్పుడు ఎంత శుభ్రంగా ఉందో!'

భాయ్ ఆ వారం మార్పులన్నీ కలిపి బాపు డబ్బాలోకి పంపాడు, వాటిలో నాదీ వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు బాపు ఫోన్ చేశాడు. ముందురోజు సాయంత్రమే యాసంగి, అంటే రెండో పంట, నారు పోశాడు. మొలక కట్టిన వడ్లు బురదమడిలో చల్లాక నీళ్లు పలచగా ఉండాలి. ఎక్కువైతే గింజ తేలి కొట్టుకుపోతుంది. అందుకని పొద్దున ఐదింటికి ఇరవై నిమిషాలు చాలని డబ్బాకు టైము పెట్టాడు.

"బిడ్డా, మీ డబ్బ మంచిదే గని, జర ఎక్కువ మాట్లాడ్తది," అన్నాడు.

"ఏమైంది బాపు?"

"ఐదు ఇర్వైకి మెసేజ్ అచ్చింది, మోటర్ బందైందని. మంచిదే అనుకున్న. ఐదు నలబైకి మల్ల అచ్చింది, బందైందని. ఆరు కొట్టంగ మల్లొకటి. ఆరు ఇర్వైకి ఇంకోటి. బందైనదాన్ని ఎన్నిసార్లు బంద్ జేస్తది బిడ్డా? ఒక్కపారి జెప్తె నాకు సమజ్ గాదా? సరే, పని జేసినట్టు సూపిస్తుందనుకొని, నిమ్మలంగ చాయ తాగి బాయికాడికి పోయిన. పోయేసరికి మోటర్ జోర్దార్ నడుస్తుంది. నీళ్లు ఒడ్డు తెంపుకొని మీ చిన్నాయన మడిలకు పోతున్నయ్. తుకం మొత్తం కొట్కపోయింది."

తుకం అంటే మా దగ్గర నారుమడి. ఆ చివరి మాట దగ్గర బాపు గొంతు తగ్గింది. ఎలాగో కూడదీసుకుని, "మరి మోటర్ ఎట్ల నడిచింది బాపు?" అన్నాను.

"గదే ఆలోచన జేసిన. డబ్బ పాపం బంద్ జేస్తనే ఉన్నది. బంద్ జేసినంక ఎవరో మల్ల ఏస్తుండ్రు. గింత సలిల మనిషెవడస్తడు? కోతులు! డబ్బ మీద పచ్చ బటన్ ఉన్నది గదా, పండనుకొని ఒత్తుతున్నయ్. ఇయ్యాల్నే జాలి కొట్టిస్త, కొండెంగ బొమ్మ కడ్త. ఇత్తనాలు ఇంకొక్క సంచే ఉన్నయ్. రేపు నానబెట్టి ఐతారం పొద్దుమీకి మల్ల పోస్త. గిది గూడ పోతె ఇగ యాసంగి పోయినట్టే."

"ఈసారి చేత్తోని వేస్తే?" అన్నాను, లోపలున్న ధైర్యమంతా పోగుచేసుకుని.

"ఎందుకు? డబ్బది ఏం తప్పున్నది? ఊరంత నా బిడ్డ డబ్బ అని జెప్పుకున్న. ఇప్పుడు నేనే చేత్తోని ఏస్తె నవ్వరా?"

అన్నట్టుగానే బాపు సాయంత్రానికల్లా డబ్బా చుట్టూ ఇనుప జాలి కొట్టించి, తాళం వేసి, పైన కొండముచ్చు ఫ్లెక్సీ కట్టాడు. ఆ ఫోటో అవ్వ ఫోన్ నుంచి నాకు వచ్చింది. జాలి వెనక మా డబ్బా జైల్లో ఉన్నట్టు కనబడింది. జైల్లో ఉండాల్సింది అది కాదేమోనన్న అనుమానం అప్పుడే నాకు కొద్దిగా మొదలైంది. అయినా ఆ రాత్రి పడుకునే ముందు, కోతులే అయితే ఎంత బాగుండునని నేను మనస్ఫూర్తిగా కోరుకున్న మాట నిజం.

మడి మునిగిన సంగతి అప్పటికే ఆఫీసుకు చేరింది. మర్నాడు లేబుల్ భాయ్ నా బల్ల దగ్గర నిలబడి గొంతు తగ్గించి చెప్పాడు. "బహెన్, పెద్దసార్ పరేషాన్ ఉన్నడు. డబ్బది తప్పా, కోతులది తప్పా, సోమారం వరకు తేలాలె అన్నడు. తేలకపోతే..." అని కిటికీ పక్క బల్ల వైపు చూశాడు. అది ఫోన్ల బల్ల. రైతులు ఫోన్ చేస్తే సమాధానం చెప్పే చోటు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఎవరో తెలియని మనుషులతో, గట్టిగా మాట్లాడాలి. నాకు ఉరిశిక్షకూ దానికీ పెద్ద తేడా కనబడలేదు. పైగా ఆ ఫోన్లలో ఒకటి మా బాపుది ఉంటుంది. 'మీ డబ్బ మా తుకాన్ని ముంచింది' అని ఆయన అంటే, 'మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం, ధన్యవాదాలు' అని నేననాలి. ఆ పూట డైరీలో ఒకటే వాక్యం రాసి కింద రెండు గీతలు గీశాను: 'ఆదివారం సాయంత్రం లోపల దీన్ని కనుక్కుంటాను.'

రెండు రోజులు తల ఎత్తకుండా వెతికాను. మోటారు నడవడం కదా తప్పు, అందుకని 'నడుపు' అనే ముక్కనే చూశాను. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, కాగితం మీద అచ్చు తీసుకుని, వేలు పెట్టి చదివాను. అందులో ఏ తప్పూ లేదు. కరెంటు హెచ్చుతగ్గులేమో చూశాను. గడియారం చిప్పు చూశాను. ఒక పూట కోతుల అలవాట్ల గురించి కూడా చదివాను. (బటన్ల సంగతి ఎక్కడా లేదు.) ఇంతలో ఒక విషయం మాత్రం చీమ కుట్టినట్టు కుట్టింది. బాపు చెప్పిన వేళలు. ఐదు ఇరవై, ఐదు నలభై, ఆరు, ఆరు ఇరవై. ఎంత క్రమశిక్షణ గల కోతి అయినా డబ్బా మోటారు ఆపిన మరుక్షణమే, ప్రతిసారీ, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకుండా బటన్ ఒత్తదు. డైరీలో రాసుకున్నాను: 'కోతులకు గడియారం ఉండదు.' అంటే తప్పు డబ్బాదే. డబ్బాది అంటే కంపైలర్‌ది. అక్కడిదాకా వచ్చి, ఆ తర్వాతి మెట్టు దిగడానికి నా మనసు ఒప్పుకోలేదు.

శనివారం కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని పెద్దపల్లి మీదుగా ఊరికి వెళ్లాను. ఆదివారం పొద్దున అవ్వ వాకిట్లో చాప వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తూ ఉంది. ఎదురుగా కూర్చుని పాత క్యాలెండరు కాగితాలు నాలుగు చీటీలుగా చింపాను. ఒక్కో చీటీ మీద ఒక్కో ముక్క రాశాను. పైన పేరు, కింద పనులు. కంపైలర్‌లో ఇప్పుడు ఎలా ఉందో ఒక్క అక్షరం తేడా లేకుండా అలాగే, కాకపోతే తెలుగులో.

"అవ్వా, కాసేపు నువ్వు మిషన్‌వి. చీటీల ఏముంటే అది చెయ్యాలె. సొంత తెలివి వాడొద్దు. ఎందుకని అడగొద్దు," అన్నాను.

"గట్లనా. ముప్పై ఏండ్లసంది మీ ఇంట్ల గదే పని జేస్తున్న," అంది అవ్వ, బీడీకి దారం చుడుతూనే.

చీటీలు చాప మీద వరుసగా పరిచాను. చూడు, నడుపు, ఆపు, ఎదురుచూడు. అవ్వ అయిదో తరగతి చదువుకుంది. కూడబలుక్కుని చదివింది, చెప్పినట్టే చేసింది. చూసింది, నడిపింది, ఆపింది, ఎదురుచూసింది. ఏ తప్పూ రాలేదు. నా బల్ల మీద కూడా ఇలాగే వచ్చింది కదా! నీరసంగా లేచి నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నా చీటీల వరుస లేదు. అవ్వ తునికాకు కట్ట విప్పడానికి చోటు చేసుకుంది. రెండు చీటీలు ఆమె మోకాలి దగ్గర ఉన్నాయి, మిగతా రెండూ చాప చివర ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"అవ్వా! నా చీటీలన్నీ ఎందుకు కలిపినవ్?"

"కలపలే, సదిరిన. గా చూసుడు, ఎదురుచూసుడు దినమంత తిరుగుతనే ఉంటయ్ గదా, అవ్విటిని దగ్గర పెట్టుకున్న. మోటర్ ఏసుడు, బంద్ జేసుడు దినానికి ఒక్కపారే. గవ్విటిని ముందుగాల గిది, దాని మీద గది, గట్ల అవుతలికి పెట్టిన. అన్ని పేర్లు రాసి ఉన్నయ్ గదే, ఏడ ఉంటె ఏంది?"

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. సరిగ్గా ఈ సర్దుడే మా కంపైలర్ కూడా చేస్తుంది. డబ్బాకు పంపేముందు, తరచూ తిరిగే ముక్కలను ఒక దగ్గరికి చేర్చి, అరుదుగా వాడేవాటిని వెనక్కి నెడుతుంది. నా బల్ల మీద పరీక్షించేటప్పుడు ఈ సర్దుడు జరగదు. డబ్బా కోసం తయారుచేసేటప్పుడు మాత్రమే జరుగుతుంది.

"అవ్వా, మల్లొకసారి మిషన్‌వి అయితవా?" అన్నాను.

అవ్వ 'చూడు' చదివింది. టైము అయిందనుకో అన్నాను. 'నడుపుకు పో' అని ఉంది. చాప చివర ఉన్న రెండు చీటీల్లోంచి పేరు చూసి 'నడుపు' తీసింది, చదివింది, మళ్లీ దాని చోట పెట్టింది. 'ఆపుకు పో' అని ఉంది. పైన ఉన్న 'ఆపు' తీసింది. "మోటర్ బంద్ చెయ్యి. మెసేజ్ పంపు," అని చదివింది. ఆ చీటీలో ఇంకేమీ లేదు. అవ్వ ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, దాని కింద ఉన్న చీటీ తీసింది. "మోటర్ వెయ్యి."

"ఆగాగు! అటెందుకు పోయినవ్?"

"మరెటు పోవాలె? అన్ని చీటీలల్ల ఎటు పోవాల్నో ఆఖరుకు రాసినవ్. గీ దాంట్ల రాయలే. సొంత తెలివి వాడొద్దంటివి. కింద ఏదుంటె గది జేసిన," అంది అవ్వ. తర్వాత నా ముఖం చూసి, "ఏందే, నేనేమన్న ఖరాబ్ జేసిన్నా?" అంది.

ఖరాబు చేసింది ఆమె కాదు. ఆపు, వెయ్యి, ఆపు, వెయ్యి. ఇరవై నిమిషాలకో మెసేజ్, మధ్యలో రెప్పపాటు కూడా ఆగని నీళ్లు. ఒక్క వాక్యం లేకపోవడంతో మిషను మడి తెగేదాకా గుండ్రంగా తిరిగింది. నవల్లో అయితే కింది వాక్యం ఎప్పటికీ కిందే ఉంటుంది. ఎవరూ పేజీలు విప్పి మళ్లీ సర్దరు. అందుకే నాకు ఆ వాక్యం దండగ అనిపించింది. కానీ ఈ ముక్కలు కుట్టిన పుస్తకం కావు, విడి చీటీలు. నెత్తి మీద పేరు ఉంటే ఎవరైనా వెతుక్కుని వస్తారు, ఆఖరున దారి రాసి ఉంటే ఎక్కడినుంచైనా వెళ్లగలరు. ఆ రెండూ ఉన్నంతవరకు వాటిని ఎలా సర్దినా ఫరవాలేదు. ఒకటి తీసేస్తే పక్కన ఎవరుంటే వాళ్లింట్లోకి వెళ్లిపోతారు. పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్న నిర్వచనం, ఆకుపచ్చ సిరా ఎక్కించిన నిర్వచనం, ఆ వాకిట్లో, బీడీల చాట ముందు, మొదటిసారి నాకు అర్థమైంది.

డైరీ తీసి పాత పేజీ చూశాను. 'ఎంత శుభ్రంగా ఉందో!' అని ఉంది. దాని పక్కన ఒక పువ్వు బొమ్మ కూడా వేసుకున్నాను.

అప్పటికి పదకొండు అయింది. సాయంత్రం బాపు నారు పోస్తాడు. సరిచేసినదాన్ని డబ్బాలోకి పంపాలంటే భాయ్ ఒప్పుకోవాలి. మెసేజ్ పెట్టాను. చూడలేదు. ఇంకోటి పెట్టాను. అప్పుడు నేను జీవితంలో చెయ్యని పని చేశాను. ఇంటి వెనక గోడ చాటుకు వెళ్లి ఆయనకు ఫోన్ చేశాను. వెనకాల గిన్నెల చప్పుడు, పిల్లల అరుపులు. ఎవరిదో వలీమా విందులో ఉన్నట్టున్నాడు. ఊపిరి తీసుకుంటే ధైర్యం పోతుందని, సలాం కూడా చెప్పకుండా, అవ్వ చీటీల దగ్గరి నుంచి మోటారు దాకా ఒకే గుక్కలో చెప్పేశాను.

ముందు ఆయన, "బహెన్, నువ్వు గిన్ని మాటలు మాట్లాడ్తవా?" అన్నాడు. పక్కన ఎవరితోనో, "అరే, ఆగు భాయ్, బిర్యానీ ఎక్కడికి పోదు," అని, మళ్లీ నాతో, "గా లైన్ ఎవరు తీసిండ్రో నేను అడగను. దొరికిందా లేదా, గంతే. మల్ల పెట్టు. ఉత్తగ పెట్టుడు కాదు. ఏ ముక్క ఆఖరుకన్న ఎటు పోవాల్నో లేకపోతే కంపైలర్ అక్కడికక్కడ ఆగి, లేబుల్ పేరు జెప్పి తిట్టాలె. గట్ల ఒక చెకింగ్ రాయి. సాయంత్రం వరకు అయితదా?" అన్నాడు.

"అయితది," అన్నాను. (మా ఆఫీసులో ఎవరు ఏ లైను తీసేశారో, ఏ రోజు, ఏ గంటకు తీసేశారో అన్నీ నమోదై ఉంటాయి. ఆయన వాటిని చూడలేదనే ఈనాటికీ నాకు నేను చెప్పుకుంటాను. చెంచాకు కూడా పేరు రాసే మనిషి చూడకుండా ఉంటాడా, అన్నది వేరే మాట.)

అన్నం కూడా తినకుండా కూర్చున్నాను. తీసేసిన వాక్యాన్ని మళ్లీ పెట్టాను. భాయ్ చెప్పిన చెకింగ్ రాశాను. అది పనిచేస్తుందో లేదో చూద్దామని ఆ వాక్యాన్ని కావాలనే ఒకసారి తీసి చూస్తే, ''ఆపు' దారి చెప్పకుండా ముగిసింది' అని కంపైలర్ నన్ను ముఖం మీదే తిట్టింది. ఒక తిట్టు విని అంత సంతోషపడటం నాకు అదే మొదలు. నాలుగున్నరకు కొత్తది డబ్బాలోకి చేరింది. ఐదింటికి బాపు ఆఖరి సంచి వడ్లు మడిలో చల్లుతుంటే ఒడ్డు మీద నిలబడి చూశాను. పిడికిలి విప్పిన ప్రతిసారీ గింజలు బురద మీద చిటపటమని పడేవి. అప్పటివరకు యాసంగి అంటే నాకు డైరీలో ఒక మాట. ఆ చప్పుడు విన్నాక మాత్రం మాట కాదు.

సోమవారం పొద్దున ఐదింటికి ముందే శాలువా కప్పుకుని నేనూ బాపూ బాయి దగ్గర నిలబడ్డాం. జాలిలోపల డబ్బా, పైన కొండముచ్చు. ఐదింటికి మోటారు మొదలైంది. నీళ్లు మడిలోకి పలచగా పాకాయి. ఐదు ఇరవైకి 'టక్' మని ఆగింది. బాపు జేబులో ఫోన్ మోగింది. ఒక నిమిషం. రెండు. ఐదు. ఐదు నలభై అయింది. రెండో మెసేజ్ రాలేదు. చింతచెట్ల మీద కోతులు నిద్ర లేచి, మమ్మల్ని చూసి, ఆవలించాయి. బాపు వాటి వైపు, జాలి వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"కోతులు రాలే ఇయ్యాల," అన్నాడు. అంతే.

నారు బాగా మొలిచింది. (మొదటిసారి కొట్టుకుపోయిన గింజ చిన్నాయన మడిలో ఒక మూలకు చేరి అదీ మొలిచింది. ఊళ్లో కోతులను ఏమీ అననిది ఆయన ఒక్కడే.) నాకు ఫోన్ల బల్ల తప్పింది. ఇప్పుడు కొత్తగా వచ్చే ట్రెయినీలకు బేసిక్ బ్లాకుల గురించి చెప్పేది నేనే. నాలుగు చీటీలు రాసి చేతికిస్తాను, నేనే వాటిని కలిపేస్తాను, మళ్లీ చదవమంటాను. ఎవరైనా మరీ బాగా తల ఊపితే నాకు అనుమానం వస్తుంది, పక్కకు పిలిచి నెమ్మదిగా, "ఏది అర్థం కాలేదమ్మా?" అని అడుగుతాను. ఆ తల ఊపే పిల్లను చూస్తే ఆకుపచ్చ సిరాతో నిర్వచనాలు రాసుకుని, పక్కన పువ్వులు వేసుకున్న ఒక అమ్మాయి గుర్తుకొచ్చి నవ్వు వస్తుంది. ఆమె మీద కోపం ఎందుకో రాదు. ఒక్క ప్రశ్న అడగడానికి ఒక మడి మునగాల్సి వచ్చిన మనిషి మీద కోపం తెచ్చుకుని ఏం చేస్తాం?

మొన్న ఊరికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు బాపు నాతో రోడ్డు దాకా వచ్చాడు. దారిలో మా బాయి కనబడింది. జాలి తుప్పు పట్టింది. ఫ్లెక్సీ మీద కొండముచ్చు రంగు పోయి గొర్రెలా అయింది. "ఇగ ఆ జాలి తీసెయ్యరాదు బాపు," అన్నాను. బాపు నా సంచిని రెండో భుజానికి మార్చుకుని ముందుకు నడిచాడు. ఈసారి చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాను. నాలుగేళ్లుగా ప్రతి కొత్త డైరీలో మొదటి నంబరు అదే: 'బాపుకు చెప్పాలి.' "బాపు, అప్పుడు మన తుకం మునిగింది గదా," అని మొదలుపెట్టాను. అంతలో బస్సు వచ్చింది. అది స్టేజీ కాదు, అయినా బాపు చెయ్యెత్తాడు, బస్సు ఆగింది. నన్ను ఎక్కించి, కిటికీలోంచి నా సంచి అందించి, బస్సు కదులుతుంటే నాలుగడుగులు పక్కనే నడుస్తూ నవ్వాడు.

"జాలి ఉండనీ తియ్. గా కోతి మంచి కోతే బిడ్డా. చేసిన తప్పు నాలుగు దినాలల్ల తానే సక్కబెట్టుకున్నది."